మా యాసకూ ఒక వేషం

తెలుగు సినిమాల్లో మా శ్రీకాకుళం, విజయనగరం వైపు మనుషులు ఇన్నేళ్ళూ ఏయే ఉద్యోగాలు చేశారో మీరెప్పుడైనా గమనించారా? నేను గమనించాను. పాలు పితికారు. జమీందారుగారి కారు తుడిచారు. కథానాయిక ఇంట్లో అంట్లు తోముతూ, ఆవిడగారి ప్రేమలేఖను తిన్నగా తీసుకెళ్ళి వాళ్ళ నాన్నగారి చేతిలోనే పెట్టి చీవాట్లు తిన్నారు. మరీ అదృష్టం పండితే ప్రతినాయకుడి పక్కన నిలబడి, "ఏటి బావూ, ఏసీమంతారా?" అని అడిగి, అడిగిన మరుక్షణమే కథానాయకుడి చేతిలో దెబ్బలు తిని కుండల మీద పడ్డారు. అంతే. ఒక్కడూ డాక్టరు కాలేదు. ఒక్కడూ నికరంగా ప్రేమించలేదు. ప్రేమించినా అది హాల్లో జనం నవ్వుకోవడానికే.

తీరా లెక్క చూస్తే సినిమావారికి మావాళ్ళు ఇచ్చింది తక్కువేమీ కాదు. సుశీలగారు మా విజయనగరం ఆడపడుచు. ఘంటసాలవారు సంగీతం నేర్చుకున్నది మా మహారాజావారి సంగీత కళాశాలలో, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర. 1980లో "శంకరాభరణం"తో ఊరూరా దండాలు పెట్టించుకున్న జె.వి. సోమయాజులుగారిది శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం. శరత్‌బాబుగారిది ఆమదాలవలస. అయితే ఏం లాభం? వీరెవ్వరూ తెరమీద మా మాట మాట్లాడలేదు. మాట్లాడమని అడిగినవాళ్ళూ లేరు. మద్రాసు మెయిలు ఎక్కేముందే మావాళ్ళు తమ యాసను శ్రీకాకుళం రోడ్డు స్టేషను ప్లాట్‌ఫారం మీద దించేసి, చేతులు దులుపుకుని మరీ ఎక్కేవారనిపిస్తుంది నాకు.

ఇంకో విడ్డూరం చూడండి. పుస్తకాల్లో మనుషులు మాట్లాడే భాషే రాయాలని జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవమని పండగ చేస్తున్నాం. గురజాడవారు మా ఊళ్ళోనే కూర్చుని, పూటకూళ్ళమ్మ మాట పూటకూళ్ళమ్మదిగా, అగ్నిహోత్రావధానులు మాట అగ్నిహోత్రావధానులదిగా "కన్యాశుల్కం" రాశారు. 1897లో అచ్చువేసి, అది చాలదని 1909లో మళ్ళీ తిరగరాశారు. మాట్లాడే మాటకు రాజ్యం ఇప్పించిన నేల ఇది. ఆ నేలమీద వాళ్ళు నోరు విప్పితే జనం నవ్వుతారు! ఇంతకంటే వింత ఉన్నదా?

ఇదంతా ఎందుకు చెప్పుకొస్తున్నానంటే, ఈమధ్య కొన్ని నెలలుగా మా ఇంట్లో ప్రతి ఆదివారం సాయంత్రం సినిమా చూడటం ఒక వ్రతమైపోయింది. హాలుకి కాదులెండి. మా అత్తగారికి ఎనభై నాలుగు. ఆవిడ మోకాళ్ళు హాలు మెట్లెక్కనివ్వవు. మా అబ్బాయి గోడకి పెద్ద టెలివిజను బిగించి, ఏవేవో ఓటీటీలకు సంవత్సరం చందాలు కట్టాడు. వాడు రోజూ విశాఖపట్నం రైల్లో వెళ్ళి ఉద్యోగం చేసుకుని రాత్రి ఎనిమిదింటికి తిరిగొస్తాడు. కోడలు ఇక్కడే బాంకులో పనిచేస్తుంది. ఆమెది తెనాలి. మంచి పిల్ల. మాటా మంచిది. ఎంత మంచిదంటే ఆమె ఫోనులో మాట్లాడుతుంటే రేడియోలో వార్తలు చదువుతున్నారేమోనని మావారు గొంతు తగ్గించుకుంటారు. ఇక ఇంట్లో చిన్నవాడు మా మనుమడు, ఒకటో తరగతి. పగలంతా వాడికీ మా అత్తగారికీ జత. కాబట్టి వాడి నోట "ఏటి", "నేదు", "బేగి రా", "ఒగ్గీ" అన్నీ నిక్షేపంగా పలుకుతాయి.

ఒకరోజు వాడి బడినుంచి డైరీలో ఒక చీటీ వచ్చింది. పిల్లవాడు మొరటుగా మాట్లాడుతున్నాడనీ, ఇంట్లో మంచి తెలుగు మాట్లాడవలసిందనీ. ఈ సంగతి ఇంగ్లీషులో రాశారు! మావారు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మూడోసారి చదివారు. మా అబ్బాయికి కోపం వచ్చింది. కోడలు మాత్రం ఏమీ అనలేదు. పిల్లవాడి భవిష్యత్తు గురించి తల్లికి ఉండే బెంగ తల్లికి ఉంటుంది. అందులో తప్పేమున్నది? కాని మర్నాటినుంచి వాడు మా అత్తగారి దగ్గరకు వెళ్ళడం తగ్గించాడు. ఆవిడ "ఏటి నాయినా, అలగున్నావు?" అంటే వాడు అటు చూసి, ఇటు చూసి, "నథింగ్, పెద్దమామ్మా" అన్నాడు. ఆవిడకు నథింగ్ అంటే ఏమిటో తెలియదు. పోనీ అని నేను తెలుగు చెబుతామా అంటే, దానికి మా ఇంట్లో మాట "ఏటీ నేదు" అనే కదా.

అందుకని ఈ సినిమాల ముచ్చట మాకు వట్టి కాలక్షేపం కాలేదు. ఒక్కొక్క బొమ్మ చూస్తున్నప్పుడు నేను తెరను ఒక కంటా, మా వాళ్ళ ముఖాలను ఒక కంటా చూస్తూ వచ్చాను.

మొదట చూసింది "కేరాఫ్ కంచరపాలెం". 2018లో వచ్చింది. వెంకటేష్ మహా అనే కొత్త దర్శకుడు తీశాడు. కంచరపాలెం విశాఖపట్నంలో ఒక పేట. అందులో వేషం వేసినవాళ్ళలో చాలామంది ఆ పేట మనుషులే. సినిమా ముఖం ఎరగనివాళ్ళు. పెళ్ళికాకుండా నలభై తొమ్మిదేళ్ళు వచ్చిన ఒక ఆఫీసు బంట్రోతు, ఒరిస్సానుంచి బదిలీ అయి వచ్చిన అతని పై అధికారిణి. ఆవిడకు ఈడొచ్చిన కూతురు. ఈ ఇద్దరి మధ్య ఏం జరిగిందన్నది ఒక కథ. దానితోపాటు మరో మూడు కథలు. బళ్ళో చదువుకునే పిల్లలది ఒకటి, జోసెఫ్, భార్గవి అనే జంటది ఒకటి, ముసుగు వేసుకుని సారాకొట్టుకు వచ్చే అమ్మాయిది ఒకటి. చివరకు అవన్నీ ఎలా కలుస్తాయో చెప్పను. చెబితే చూడనివాళ్ళు నన్ను క్షమించరు.

నన్నడిగితే ఈ బొమ్మలో గొప్పతనం ఏమిటంటే, యాస ఉన్నదని ఎవరూ మనకు వేలు పెట్టి చూపించరు. మాట వస్తుంది, పోతుంది, ఊపిరి వచ్చిపోయినట్టు. ఆ బంట్రోతు నవ్వించడు. ఏడవమని అడగడు. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి రెండు ముక్కలు అంటాడు. ఆ రెండు ముక్కల్లోనూ నలభై తొమ్మిదేళ్ళూ ఉంటాయి. మా అత్తగారు సగం బొమ్మదాకా పడుకుని చూస్తున్నదల్లా లేచి కూర్చుని, "ఆడు మనోడేనే. ఆడి మాట అచ్చం మన మాట" అన్నది. సినిమా తెలుగులోనే కదా, అందరూ మనవాళ్ళే కదా అని మా కోడలు మెల్లగా అన్నది. మా అత్తగారు ఆమెను జాలిగా చూసింది.

తర్వాతి ఆదివారం "పలాస 1978". కరుణకుమార్‌గారు తీసినది. 2020 మార్చిలో వచ్చింది. కరోనా తాళాలు పడటానికి కొద్ది రోజుల ముందు. లేకపోతే ఇంకా ఆడేదేమో పాపం. పలాస అంటే మీకు జీడిపప్పు గుర్తుకొస్తుంది. జీడిపప్పు తినేవాడికి దాని తెల్లదనం కనిపిస్తుంది గాని, వలిచేవాళ్ళ చేతులు జీడిపాలకు పొక్కి నల్లబడతాయని కనిపించదు. ఈ బొమ్మ ఆ చేతులవైపు నుంచి కథ చెబుతుంది. ఆటపాటలే అన్నంగా బతికే కుటుంబంలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు, కులం పేరుతో ఊరు వాళ్ళను పెట్టిన పెడసరం, వాళ్ళు కత్తి పట్టుకోవడం. రఘు కుంచెగారు సంగీతమూ ఇచ్చారు, షావుకారు వేషమూ వేశారు. రెండిట్లోనూ దేనికి ఎక్కువ మార్కులు వెయ్యాలో తెలియదు. నక్కిలీసు గొలుసు పాట మా పెళ్ళిళ్ళలో ఇప్పటికీ మోగుతూనే ఉన్నది.

నెత్తురు మాత్రం ఎక్కువైందండీ. రెండో సగంలో పిల్లవాణ్ణి లోపలికి పంపేశాం. మావారు, "ఇంత కోపం ఎందుకు?" అన్నారు. మా అబ్బాయి, "అంత అవమానం ఎందుకు?" అన్నాడు. తండ్రీకొడుకులు ఆ రాత్రి భోజనాల దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నారు. మావారు జూట్ మిల్లు ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశారు. ఆ రాత్రి ఆయన, మిల్లులో ఎవరి గ్లాసు ఎక్కడ బోర్లించి ఉండేదో, ఎవరూ అడగకుండానే చెప్పుకొచ్చారు. ముప్పై ఏళ్ళలో నాతో ఎన్నడూ చెప్పని సంగతి అది. సినిమా బాగున్నదా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు. మనిషి చేత ఆ మాట చెప్పించిందా లేదా?

"కోటబొమ్మాళి పి.ఎస్." గురించి ఎక్కువ చెప్పను. 2023 నవంబరులో వచ్చింది. ముగ్గురు పోలీసులు, చెయ్యని నేరం మీద పడగా పారిపోవడం, ఎన్నికల వేళ రాజకీయం. కథ కేరళది, "నాయట్టు" అని 2021 నాటి మలయాళ చిత్రం. కథ బిగువైనదే. శ్రీకాంత్‌గారు ఒద్దికగా చేశారు. కాని స్టేషను బోర్డు మీద ఊరి పేరు మార్చినంత మాత్రాన ఊరు దిగివస్తుందా? లింగిడి పాట ఒక్కటీ మాత్రం మా ఊరి మట్టిలో పుట్టింది. బొమ్మకంటే ఆ పాటే ఎక్కువ కాలం బతికింది.

ఇక "తండేల్" దగ్గరకు వస్తాను. ఇది 2025 ఫిబ్రవరి 7న విడుదలైంది. చందూ మొండేటిగారు దర్శకుడు. తండేలు అంటే పడవ నాయకుడు. మావైపు సముద్రం లేకపోలేదు. శ్రీకాకుళం జిల్లాకే దాదాపు 190 కిలోమీటర్ల తీరం ఉన్నది. ఉండి ఏం? పెద్ద పడవలు నిలవడానికి తగిన రేవు చాలాకాలం లేక, మావైపు జాలరులు దేశానికి ఆ చివరనున్న గుజరాతు వెళ్ళి, వేరావల్ రేవులో ఎవరి పడవలోనో కూలికి ఎక్కుతారు. ఆగస్టులో వెళ్ళినవాళ్ళు మళ్ళీ వేసవికి గాని ఇల్లు చూడరు. అలా వెళ్ళినవాళ్ళు 2018 నవంబరులో పాకిస్తానువాళ్ళకు చిక్కారు. ఎచ్చెర్ల దగ్గరి మత్స్యలేశంలాంటి ఊళ్ళలో ఆడవాళ్ళు ఏడాదికి పైగా కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు దాటి ఇవతలికి వచ్చారు. అప్పట్లో పేపర్లో ఫొటో చూసి మా వీధంతా మాట్లాడుకున్నాం.

ఆ సంగతిని ఆధారం చేసుకుని ప్రేమకథ అల్లారు. అక్కినేనివారి మనుమడు నాగచైతన్య తండేలు రాజు. సాయిపల్లవి సత్య. సముద్రం మీదికి వెళ్ళవద్దని ఆమె, వెళ్ళక తప్పదని అతను. మొదటి సగం ఇంత చక్కగా తీసినవారు, జైలు గోడల మధ్యకు వెళ్ళేసరికి ఎందుకంత గట్టిగా అరిపించారో నాకు బోధపడలేదు. జెండాలూ, నినాదాలూ, కొట్లాటలూ! తొమ్మిది నెలలు మగవాడు లేని ఇంట్లో గడియారం ఎలా నడుస్తుందో చూపించినప్పుడు నా గొంతు పట్టేసింది. జైల్లో దేశభక్తి ఉపన్యాసాల దగ్గర మాత్రం లేచి వెళ్ళి పప్పు కుక్కరు చూసుకొచ్చాను. వచ్చేసరికి కథ అక్కడే ఉన్నది.

నాగచైతన్య మా యాస నేర్చుకోవడానికి కష్టపడ్డాడని చెప్పారు. కనిపిస్తూనే ఉన్నది. బొమ్మ తీయడానికి ముందే ఆ ఊరికి వెళ్ళి ఆ మనుషులతో కూర్చున్నాడట. మర్యాద అది. మా అత్తగారు మటుకు పరీక్షాధికారిలా చెవి ఒగ్గి వినీ వినీ, "ఆ గుంటడు బాగానే సెప్తన్నాడు గానీ, నేర్సుకొచ్చి అప్పసెప్తన్నాడు" అని తేల్చేసింది. తమిళనాడు కొండల్లో కోటగిరిలో పుట్టిన సాయిపల్లవికి మాత్రం, "ఈ అమ్మి ఏడిస్తే మన ఊరి అమ్మి ఏడిసినట్టే ఉంది" అని నూటికి నూరూ వేసింది. ఏడుపుకు యాస ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది.

యాస విషయంలో ఒక చిన్న మనవి. సినిమావాళ్ళు వాక్యానికొక "ఏటి", రెండు వాక్యాలకొక "నేదు" పోపు గింజల్లా చల్లేస్తే శ్రీకాకుళం మాట అయిపోతుందనుకుంటారు. మా మాట రుచి గింజల్లో లేదు, దీర్ఘంలో ఉన్నది. చివరి అక్షరాన్ని ఎంతసేపు సాగదీసి ఎక్కడ వదలాలన్నది పుట్టుకతో రావాలి, లేదా చాలాకాలం ఇక్కడ ఉప్పు తినాలి. పైగా ఇది ఒక్క యాస కాదు. భోగాపురం తీరం జాలరి మాట వేరు, పార్వతీపురం కొండ దిగువ మాట వేరు, ఇచ్ఛాపురం దగ్గర ఒరియా కలిసి మాట మరొక వంపు తిరుగుతుంది. ఇంకొకటి కూడా కనిపెట్టాను. ఏ చిత్రమని పేరు పెట్టను గాని, చాలావాటిలో కథానాయకుడు నవ్వించేటంతసేపూ యాసలో మాట్లాడతాడు. కోపం వచ్చినా, నీతి చెప్పవలసివచ్చినా, తల్లి చచ్చిపోయినా ఉన్నట్టుండి బెజవాడ తెలుగులోకి దిగిపోతాడు. మా మాటలో కోప్పడకూడదా? మా మాటలో చావు కబురు చెప్పకూడదా? మా నాన్నగారు పోయినప్పుడు మా అమ్మ ఏడ్చిన మాటలు నా చెవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఒక్కటీ బెజవాడది కాదు.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడది పూసపాటిరేగ వైపు తీరం. ఆవిడ "తండేల్" హాల్లో చూసింది. బొమ్మ ఎలా ఉన్నదని అడిగాను. తట్ట దించుకుని, చెంగుతో మెడ తుడుచుకుని, "ఏటి సెప్పీదమ్మా, బాగానే ఉంది. ఆ అమ్మి డిల్లీ ఎలిపోనాది, మంత్రులతోటి మాటాడీసినాది. మావోళ్ళు కలకటేరు ఆపీసు మెట్లెక్కినారు, దిగినారు. మల్లీ ఎక్కినారు" అన్నది. తర్వాత తూకం వేస్తూ, "మా పెద్దోడు ఏరావల్లోనే ఉన్నాడమ్మా. సంకురాత్రికి రాడు" అన్నది. నేను ఇంక బొమ్మ సంగతి అడగలేదు. ఆవిడ కూడా మామూలుగానే బేరం చేసి, చిల్లర లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది.

మావైపు బొమ్మలు మాత్రమే కాక బయటివీ చూశాం. 2023లో వచ్చిన "బలగం" చూశారా? వేణు ఎల్దండి తీశారు. తెలంగాణ పల్లెలో ఒక పెద్దాయన పోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఎందుకు ముట్టదన్నదే కథ. ఊళ్ళలో జనం తెరలు కట్టుకుని, చాపలు పరుచుకుని చూశారట. అందులో ఏడుపూ ఆ యాసలోనే, కోపమూ ఆ యాసలోనే, సారాకొట్టులో వెటకారమూ ఆ యాసలోనే. మా కోడలు ఏడ్చిన ఏడుపుకు తువ్వాలు ఇవ్వవలసివచ్చింది. ఆమెకు అందులో సగం మాటలు కొత్తవి. అయినా ఒక్కటీ అడగలేదు. ఇది చూశాకనే నాకు ఈర్ష్య కలిగింది. వాళ్ళు తమ మాటను పీటవేసి కూర్చోబెట్టుకున్నారు. మనం ఇంకా గుమ్మంలో నిలబెట్టి మాట్లాడుతున్నాం.

2024లో వచ్చిన "90స్" కూడా చూశాం. వనపర్తిలో ఒక లెక్కల మాస్టారు ఇల్లు. ఇంట్లో పొద్దున్న లేస్తే ఉప్మా. ఆరు భాగాలూ ఒక్క బైఠాయింపులో అయిపోయాయి. శివాజీగారు జేబులో డబ్బు లెక్కపెట్టుకునే తీరు చూసి మావారు నావైపు చూడకుండా జాగ్రత్తపడ్డారు. ఇంటిల్లిపాదీ కలిసి చూడదగ్గది.

రోజూ వచ్చే సీరియళ్ళ గురించి రాయవద్దని మా అబ్బాయి హెచ్చరించాడు. రెండు ముక్కలు రాసి ఊరుకుంటాను. తొమ్మిది వందల భాగాలైనా పట్టుచీర నలగని కోడళ్ళు, రాత్రి పడుకునేటప్పుడు కూడా వడ్డాణం తియ్యని అత్తలు. సరే, అది వాళ్ళ ఓపిక. ఆ ఇంట్లో వంటమనిషి గాని, తోటమాలి గాని నోరు విప్పితే మా మాటే. వెనక పీపీమని నవ్వుల వాయిద్యం. నేను ఆ సమయానికి లేచి దీపం పెట్టుకుంటాను.

పాతవాటిలో 1955 నాటి "కన్యాశుల్కం" మళ్ళీ చూశాం. పి. పుల్లయ్యగారి దర్శకత్వం. రామారావుగారి గిరీశం, సావిత్రిగారి మధురవాణి, సి.ఎస్.ఆర్. రామప్ప పంతులు, గోవిందరాజుల సుబ్బారావుగారి లుబ్ధావధాన్లు. ఇప్పుడెవరండీ అలా? కాని నా చెవికి ఒక లోటు వినిపిస్తుంది. గురజాడవారు ఊరూ పేటా చూసి పంచిపెట్టిన మాటలు తెరమీదికి వచ్చేసరికి కొంచెం ఇస్త్రీ అయ్యాయి. అదే నాటకాన్ని జె.వి. రమణమూర్తిగారూ, అన్న సోమయాజులుగారూ ఏళ్ళ తరబడి రంగస్థలం మీద ఆడారు. మావారు చిన్నప్పుడు చూశారట. ఆ గిరీశం చుట్ట వాసన వెనక బెంచీదాకా వచ్చేదని ఇప్పటికీ చెబుతారు.

ఈ బొమ్మల వరస నడుస్తుండగానే బళ్ళో తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. కోడలికి బాంకులో సెలవు దొరక్క నేను వెళ్ళాను. డైరీలో రాసిన పంతులమ్మ చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయి. ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నేను తెలుగులో జవాబు చెప్పాను. ఆమె తెలుగులోకి వచ్చింది. మంచి తెలుగే. మీది ఏ ఊరమ్మా అంటే రాజాం అన్నది. మా పుట్టిల్లు నరసన్నపేట దగ్గరని చెప్పి, వాళ్ళ అమ్మగారి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు అడిగేసరికి ఆ పిల్ల నోట, "ఏటి సెప్పమంటారండీ, మోకాళ్ళ నొప్పులు, ఒగ్గడం నేదు" అని వచ్చేసింది. వచ్చినాక చటుక్కున తలుపువైపు చూసుకుని, "పెద్ద మేడమ్ వింటే నన్నూ అంటారండీ" అన్నది. ఆ పిల్ల మీద నాకు కోపం పోయింది. నెలజీతం మీద బతికే పిల్ల, తనకు పెట్టిన భయాన్నే డైరీలో రాసింది. ఆ భయం మాత్రం ఎక్కడినుంచి వచ్చిందంటారు? అరవై ఏళ్ళు తెరమీద ఎవరి మాటకు నవ్వాలో, ఎవరి మాటకు చేతులు కట్టుకోవాలో మనకు నేర్పుతూ వచ్చారు. అందులో బళ్ళకూ వాటా ఉన్నది, ఆఫీసులకూ ఉన్నది, కాని సినిమా వాటా చిన్నదని నేను ఒప్పుకోను.

ఇంటికొచ్చి ఈ సంగతి మా కోడలితో చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "అత్తయ్యగారూ, నాకు వాడి మాట తప్పని కాదు. వాణ్ణి చూసి ఎవరైనా నవ్వుతారేమోనని. నేను హైదరాబాదులో చదువుకునేటప్పుడు మా శ్రీకాకుళం అమ్మాయి ఒకామె మెస్సులో నోరు విప్పేది కాదు. సైగలు చేసేది" అన్నది. తల్లి భయం ఆమెది. నేను దాన్ని తీసిపారెయ్యలేను. రెండు మాటలూ నేర్చుకోనీ, బళ్ళో ఒకటి, ఇంట్లో ఒకటి అని మావారు తీర్పు ఇచ్చారు. అది మధ్యస్థం చేసేవాళ్ళు చెప్పే మాట. ఆయన ముప్పై ఏళ్ళూ ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి మాట్లాడి నెగ్గుకొచ్చారు మరి.

"తండేల్" చూసిన మర్నాటినుంచి ఇంకొక చిక్కు వచ్చింది. మనుమడు చేతిలో తువ్వాలు వలలా తిప్పుతూ, పెరట్లో తులసికోట మీద నిలబడి, "ఏటనుకున్నావేటి, నాను తండేలు!" అని కేకలు. పక్కింటి పిల్లలు, వాళ్ళు అనకాపల్లివాళ్ళు, వీడి దగ్గర పాఠం నేర్చుకుంటున్నారు. మా అబ్బాయికి పట్టరాని సంతోషం. నాకు సగమే సంతోషం. తాతముత్తాతల మాట చెల్లుబాటు కావడానికి ఒక సినిమా హీరో వచ్చి ముద్ర వెయ్యాలా అని. రేపు మరో బొమ్మలో హీరో రాయలసీమ మాట్లాడితే వీడు అదీ మాట్లాడతాడు. అయితే ఒక్కటి మాత్రం నిజం. వాడు మళ్ళీ మా అత్తగారి మంచం దగ్గరకు చేరాడు. "పెద్దమామ్మా, ఆ హీరో అన్న మాట సరిగా ఎలగ అనాలి?" అని అడుగుతున్నాడు. ఆవిడ పళ్ళు లేని నోటితో దీర్ఘం తీసి చూపిస్తున్నది. వాడు దిద్దుకుంటున్నాడు. బాంకునుంచి వచ్చిన కోడలు చెప్పులు విప్పుతూ ఒకసారి విని, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి కాఫీ కలుపుకుంటున్నది. మొన్న ఫోనులో వాళ్ళమ్మగారితో, "బేగి వచ్చేస్తాంలే అమ్మా" అన్నది. తాను ఏమన్నదో ఆమె గమనించినట్టు లేదు. నేను చెప్పలేదు.

వచ్చే ఆదివారానికి "బొబ్బిలి యుద్ధం" అనుకుంటున్నాం. 1964 నాటిది. రామారావుగారు బొబ్బిలి రాజు, భానుమతిగారు మల్లమ్మదేవి, ఎస్.వి. రంగారావుగారు తాండ్ర పాపారాయుడు. 1757 జనవరిలో జరిగిన యుద్ధం మా ఇంట్లో ఇంకా ముగియలేదు. మా అత్తగారి పుట్టిల్లు బొబ్బిలి పక్కన. మావారు విజయనగరం కోట నీడన పుట్టి పెరిగినవారు. బొమ్మలో విజయరామరాజును దుర్మార్గుణ్ణి చేశారని ఆయనకు మంట, ఇంకా తక్కువ చేశారని ఆవిడకు మంట. తల్లీకొడుకులకు ఆ మూడు గంటలూ మాటలుండవు. నా ఫిర్యాదు వేరు. ఆ కోటలో ప్రభువులు ఒక్కరైనా బొబ్బిలి మాట మాట్లాడరు. మనుమడు ఇప్పటికే తాటాకు కత్తి ఒకటి తయారు చేయించుకున్నాడు. ఏ పక్షమో ఇంకా చెప్పలేదు. మా కోడలు తెనాలి మనిషి కదా, ఎటూ చెందదని ఇద్దరూ ఆమెను బతిమాలుకుంటున్నారు.